ఉద్యోగం చేస్తూ డిగ్రీ: ఫీజు కన్నా ముందు గంటల లెక్క

ఉద్యోగం చేసుకుంటూ డిగ్రీ చదవాలనుకునేవాళ్లు మొదట అడిగేది ఫీజెంత అని. ఆ తర్వాత, ఎన్నేళ్లు పడుతుందని. రెండూ అడగాల్సినవే. వారానికి ఎన్ని గంటలు కావాలన్న మూడో ప్రశ్న మాత్రం ఎవరి నోటా రాదు. నేను చూసినంతలో మధ్యలో చదువు మానేసినవాళ్లు ఫీజు కట్టలేక మానలేదు, టైము చాలక మానారు. కాబట్టి లెక్క అక్కడి నుంచే మొదలుపెడదాం.

ప్రాస్పెక్టస్ తెరిస్తే ప్రతి పేజీలోనూ క్రెడిట్లు అన్న మాట కనిపిస్తుంది. చదువును కొలిచే కొలమానం అది. దూరవిద్యలో ఒక క్రెడిట్ అంటే విద్యార్థి పెట్టాల్సిన 30 గంటల శ్రమ. పాఠం చదవడం, నోట్సు రాసుకోవడం, అసైన్‌మెంట్లు, ఆదివారం క్లాసులు, పరీక్ష ముందు తిరగేయడం అన్నీ ఆ 30లోనే. కొత్త జాతీయ విద్యావిధానం ప్రకారం మూడేళ్ల డిగ్రీకి కనీసం 120 క్రెడిట్లు. 120ని 30తో గుణిస్తే 3,600 గంటలు. రోజుకు 8 గంటల చొప్పున ఇది 450 డ్యూటీలు. నెలకు 26 డ్యూటీలు చేసే మనిషికి ఏడాదిన్నరకు కొంచెం తక్కువ పని. ఇప్పుడు చేస్తున్న ఉద్యోగం మీద అదనంగా అంత పని ఒప్పుకుంటున్నారన్నమాట.

ఏడాదికి 52 వారాలున్నా చదువుకు 52 దొరకవు. సంక్రాంతి, దసరా, పెళ్లిళ్లు, పిల్లల పరీక్షలు, ఇంట్లో ఒకరికి జ్వరం, ఆఫీసులో మార్చి నెలాఖరు హడావిడి తీసేస్తే 40 వారాలు మిగిలితే గొప్ప. ఆ 40తోనే భాగించి చూడండి. మూడేళ్లలో ముగించాలంటే 120 వారాలు, వారానికి 30 గంటలు. నాలుగేళ్లయితే 22 గంటల పైన. ఐదేళ్లయితే 18. ఆరేళ్లయితే 15. ఇగ్నో, అంటే ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం, మూడేళ్ల డిగ్రీని పూర్తి చేయడానికి గరిష్ఠంగా ఆరేళ్ల గడువు ఇస్తుంది. ఆ గడువును వెనకబడినవాళ్ల కోసం పెట్టిన వెసులుబాటుగా చూస్తారు గానీ, నిజానికి ఉద్యోగస్తులకు సరిపడే అసలు కాలం అదే. ఫుల్‌టైమ్ ఉద్యోగం, ఇద్దరు పిల్లలు ఉన్న మనిషి మూడేళ్లలో అయిపోగొడతానంటే నేను నమ్మను. నాలుగున్నర, ఐదేళ్లు అనుకుని దిగడం మంచిది.

‘అన్ని గంటలూ నిజంగా చదవాలా? అంత చదవకుండానే పాసైనవాళ్లు మాకు తెలుసు’ అనవచ్చు. నిజమే. 30 గంటలన్నది సగటు విద్యార్థిని దృష్టిలో పెట్టుకుని వేసిన అంచనా. పదేళ్లుగా ట్యాలీలో ఎంట్రీలు వేస్తున్న అకౌంటెంటు బీకాంలో చేరితే అకౌంటెన్సీ పేపర్లకు అందులో సగం చాలు. ఇంటర్ తర్వాత పదిహేనేళ్లకు ఇంగ్లిషు పుస్తకం పట్టినవాళ్లకు ఆ పేపరుకు 30 కూడా చాలకపోవచ్చు. మొత్తం మీద మూడో వంతు తగ్గించుకుని 2,400 గంటలు అనుకున్నా, ఆరేళ్లకు వారానికి 10, నాలుగేళ్లకు 15. ఇంతకన్నా కిందికి లెక్క వేసుకోవద్దు.

వారానికి 15 గంటలు కాగితం మీద తేలిక. తెల్లవారుజామున ఐదు నుంచి ఆరున్నర దాకా ఆరు రోజులు చదివితే 9 గంటలు. ఆదివారం ఆరు. అయితే ఈ టైంటేబుల్ అందరికీ ఒకటే కాదు. చాలా ఇళ్లలో ఐదింటికి లేచిన ఆడమనిషి మొదట వెలిగించేది స్టవ్వు. టిఫిను, రెండు మూడు లంచ్ బాక్సులు, పిల్లల జడలు అయ్యేసరికి ఎనిమిది. ఆమెకు చదువు గంట దొరకాలంటే ఆ ఎనిమిదింటి లోపు పనుల్లో ఒకటి ఇంకొకరు తీసుకోవాలి. ఎవరు, ఏ పని, ఏ రోజులు అన్నది ఫీజు కట్టకముందే ఇంట్లో తేల్చుకోండి. కట్టాక తేల్చుకుందామంటే తేలదు.

ఇక డబ్బు. ఫీజులు యూనివర్సిటీని బట్టి, కోర్సును బట్టి మారతాయి, ఏటా సవరిస్తారు. కాబట్టి లెక్క అర్థం కావడానికి మనమే ఒక అంకె అనుకుందాం. ప్రభుత్వ సార్వత్రిక విశ్వవిద్యాలయంలో బీఏకి ఏడాదికి 6,000 చొప్పున మూడేళ్లకు 18,000. పేపరుకు నాలుగు క్రెడిట్లయితే 120 క్రెడిట్లకు 30 పేపర్లు. పరీక్ష మూడు గంటలే అయినా ఆ రోజు డ్యూటీ పోయినట్టే. రోజు కూలి 700 అయితే 30 రోజులకు 21,000. అంటే ఫీజు కన్నా పరీక్షలకు పెట్టిన సెలవుల ఖరీదే ఎక్కువ. తప్పిన ప్రతి పేపరూ ఇంకో 700, దాని మీద పరీక్ష ఫీజు, పైగా ఆరు నెలల ఆలస్యం. పేపరు బాగా చదివి ఒకేసారి పాసవ్వడం ఇక్కడ నేరుగా డబ్బు ఆదా.

‘నెల జీతం కాబట్టి నాకు సెలవు కోత ఉండదు’ అంటే మంచిదే. అయినా ఏడాదికి పది పరీక్ష రోజులకు పది క్యాజువల్ లీవులు ఖర్చవుతాయి. పిల్లాడికి ఒంట్లో బాగాలేకపోతే పెట్టుకునే సెలవులవే. బీఎస్సీ లాంటి ప్రాక్టికల్స్ ఉన్న కోర్సయితే ఇంకా ముందే ఆలోచించాలి. ల్యాబుకు వెళ్లి తీరాలి, ఆ తేదీలు మీరు చెప్పినట్టు రావు.

ఇప్పుడు దీన్ని ఆన్‌లైన్ డిగ్రీ ప్రకటనలతో పోల్చి చూద్దాం. ఏదో ప్రైవేటు యూనివర్సిటీ కోర్సు మొత్తం 1,50,000 అనుకోండి. ‘నెలకు 5,000 లోపే’ అని పెద్ద అక్షరాల్లో ఉంటుంది. 12 శాతం వడ్డీతో 36 నెలల ఈఎంఐ లెక్కేస్తే నెలకు సుమారు 4,980. ప్రకటనలో అబద్ధం లేదు. కానీ మూడేళ్లలో మీరు కట్టేది 1,79,000 పైచిలుకు. అందులో వడ్డీ 29,000కు పైనే. పైన చెప్పుకున్న 18,000 రూపాయల బీఏ ఫీజు కట్టి, ఇంకా మిగిలేంత డబ్బు కేవలం వడ్డీకి పోతుంది. బ్యాంకు విద్యారుణం అయితే వడ్డీ మీద ఆదాయపన్ను మినహాయింపు ఉంది గానీ, అది పాత పన్ను విధానంలో ఉన్నవాళ్లకే. కొత్త విధానం ఎంచుకున్నవాళ్లకు లేదు. ఆ ఆన్‌లైన్ కోర్సు ఎవరికీ వద్దని నేననను. రికార్డు చేసిన క్లాసులు రాత్రి పదకొండింటికి చూసుకునే వీలు షిఫ్టు డ్యూటీ వాళ్లకు నిజంగా అవసరమే. ఆ వీలుకు మీరు పెడుతున్న ధర తెలిసి పెట్టండి, అంతే.

గంటలకూ ధర కట్టవచ్చు. రోజుకు 700 అంటే గంటకు 87 రూపాయల 50 పైసలు. 3,600 గంటలకు 3,15,000. ఫీజు, పరీక్ష సెలవులు కలిపి 39,000. మొత్తం 3,54,000. డిగ్రీ తర్వాత నెలకు 4,000 ఎక్కువ వస్తే అది తీరడానికి 88 నెలలు దాటుతుంది, అంటే ఏడేళ్ల పైన. ‘ఆ గంటల్లో ఎలాగూ సంపాదించేవాళ్లం కాదు కదా’ అన్నది న్యాయమైన ప్రశ్న. ఓవర్‌టైమ్ లేని ఉద్యోగమైతే ఆ 3,15,000 మీ జేబులోంచి పోయినట్టు కాదు. అప్పుడు 39,000 పది నెలల్లోనే వచ్చేస్తుంది. ఆటో నడిపేవాళ్లకు, మిషను కుట్టేవాళ్లకు మాత్రం ప్రతి గంటా డబ్బే. మీ లెక్క పది నెలలకూ ఏడేళ్లకూ మధ్య ఎక్కడ పడుతుందో మీకే తెలుస్తుంది. ముప్ఫై ఏళ్ల మనిషికి ఏడేళ్లు కూడా ఫర్వాలేదు. యాభై రెండేళ్ల మనిషి జీతం పెంపు కోసమే చదువుతానంటే లెక్క కుదరదు. ఆయన చదువు మీద ఇష్టంతో చదువుతానంటే అసలు ఈ లెక్కలతో పనే లేదు.

ఏ డిగ్రీ అన్నది ఇంకా చెప్పలేదు. కావాలనే వెనక్కి పెట్టాను. కోర్సుల జాబితా ముందేసుకుని కూర్చుంటే ఏదీ తేలదు. చదివాక ఆ సర్టిఫికెట్‌ను ఎవరికి చూపించాలనుకుంటున్నారో, వాళ్లు ఏం అడుగుతున్నారో చూసి అక్కడి నుంచి వెనక్కి రండి. గ్రూప్-2 కోసమైతే పాత నోటిఫికేషన్ తెచ్చి విద్యార్హతల పేజీ చదవండి. ప్రమోషన్ కోసమైతే మీ ఆఫీసులో సర్వీసు నిబంధనలు అడగండి. ప్రైవేటు కంపెనీ అయితే హెచ్‌ఆర్‌లో ఎవరినో ఒకరిని పట్టుకుని ‘డిగ్రీ ఉంటే నా గ్రేడు మారుతుందా, ఏ డిగ్రీ అయినా సరేనా’ అని సూటిగా అడగండి. మారదు అంటే, ఆ 3,600 గంటల్లో పదో వంతు పెట్టి పనికొచ్చే విద్య ఏదైనా నేర్చుకోవడం మేలు కావచ్చు.

నోటిఫికేషన్‌లో ‘ఏదైనా డిగ్రీ’ అని ఉందా, ఫలానా సబ్జెక్టు అని ఉందా అన్న ఒక్క తేడాతో మీ దారి మారిపోతుంది. సివిల్స్, బ్యాంకు పీవో, గ్రూప్ పరీక్షల్లో చాలా పోస్టులకు ఏదైనా డిగ్రీ చాలు. అలాంటప్పుడు మీకు తక్కువ గంటల్లో అయిపోయే సబ్జెక్టులే మీకు మంచి సబ్జెక్టులు. గ్రూప్స్‌కు చదువుతూ డిగ్రీ చేసేవాళ్లకు చరిత్ర, రాజనీతిశాస్త్రం, అర్థశాస్త్రం ఉన్న బీఏ ఒకే గంటను రెండు చోట్ల వాడుకున్నట్టు అవుతుంది. డాక్టర్ బీఆర్ అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం తెలుగు పుస్తకాలను ఆ యూనివర్సిటీ గడప తొక్కని గ్రూప్స్ అభ్యర్థులు కూడా కొనుక్కుని చదువుతారు. దేశంలో మొట్టమొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం అదే. 1982లో ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయంగా హైదరాబాద్‌లో మొదలై, 1991లో అంబేడ్కర్ పేరు పెట్టుకుంది. దాని తొలి వైస్ చాన్సలర్ జి. రాంరెడ్డినే 1985లో ఇగ్నో పెట్టినప్పుడు అక్కడికీ తొలి వీసీగా తీసుకెళ్లారు. ఉద్యోగస్తుల చదువు మనకు కొత్తేమీ కాదు.

వయసు లెక్క మరిచిపోవద్దు. బ్యాంకు పీవో పరీక్షకు గరిష్ఠ వయసు 30. ఓబీసీలకు 33, ఎస్సీ, ఎస్టీలకు 35. సివిల్స్‌కు 32, 35, 37. ఇప్పుడు 27 ఏళ్లున్న ఓసీ అభ్యర్థి నాలుగేళ్లలో డిగ్రీ ముగిస్తే 31. పట్టా చేతికొచ్చేసరికి పీవో తలుపు మూసుకుంటుంది, సివిల్స్‌కు ఒక ఏడాది మిగులుతుంది. అతనికి పీవోనే కావాలంటే వారానికి 30 గంటలు పెట్టి మూడేళ్లలో ముగించాలి, అప్పుడైనా అంచుల మీదే. రాష్ట్ర ప్రభుత్వ పోస్టుల వయోపరిమితిని జీవోలతో పెంచుతూ ఉంటారు కాబట్టి, వాటిని మాత్రం నోటిఫికేషన్ వచ్చినప్పుడు చూసుకోవాల్సిందే.

సబ్జెక్టు ముఖ్యమయ్యే చోట ఎంత ముఖ్యమో చెప్పడానికి టీచరు ఉద్యోగం మంచి ఉదాహరణ. ప్రైవేటు స్కూల్లో ఇంటర్ అర్హతతో చిన్న తరగతులకు చెబుతున్న ఒకామెను ఊహించుకోండి. డిగ్రీ చేసి, ఆ పైన బీఈడీ చేసి, టీచర్ల నియామక పరీక్ష డీఎస్సీ రాసి ప్రభుత్వ హైస్కూల్లో చేరాలని ఆమె కోరిక. దగ్గర్లోని స్టడీ సెంటర్‌లో ఏ గ్రూపు ఉంటే అందులో చేరిపోతే మూడు చోట్ల చిక్కు రావచ్చు.

మొదటిది మెథడాలజీ. బీఈడీలో మీరు ఏ సబ్జెక్టు బోధించడం నేర్చుకుంటారో దాన్ని అలా అంటారు. అది డిగ్రీలో చదివిన సబ్జెక్టులను బట్టి వస్తుంది. లెక్కలు చెప్పాలంటే డిగ్రీలో గణితం ఉండాలి. పదేళ్లుగా స్కూల్లో లెక్కలే చెబుతున్నా, బీఏలో చరిత్ర తీసుకుంటే ఆమెకు దొరికేది సాంఘికశాస్త్రం. రెండోది మార్కులు. బీఈడీ ప్రవేశ పరీక్ష ఎడ్‌సెట్ రాయాలంటే డిగ్రీలో 50 శాతం ఉండాలి, రిజర్వేషన్ ఉన్నవాళ్లకు 40. ఇగ్నో డిగ్రీలో 35 వచ్చినా పాసే కాబట్టి, పాసై కూడా ఎడ్‌సెట్‌కు పనికిరాకపోవడం సాధ్యమే. మూడోది అన్నిటికన్నా పెద్దది: దూరవిద్యలో బీఈడీ అందరికీ కాదు. డీఈడీ లాంటి ఉపాధ్యాయ శిక్షణ ముందే పూర్తి చేసినవాళ్లకే అందులో ప్రవేశం. ఆ శిక్షణ లేని ఈమె రెండేళ్లు ఉద్యోగం మానుకుని రెగ్యులర్ కాలేజీకి వెళ్లాలి. నెలకు 12,000 జీతం అనుకుంటే, ఆ రెండేళ్ల జీతం 2,88,000. డిగ్రీ ఫీజు 18,000 చూసి దిగినవాళ్లకు ఈ అంకె నాలుగేళ్ల తర్వాత తెలియడం అన్యాయం. ముందే తెలిస్తే దాచుకోవచ్చు, లేదా దారి మార్చుకోవచ్చు.

ఆ రెండో చిక్కుకు చేతిలో ఉన్న మందు అసైన్‌మెంట్లు. ఇగ్నోలో చాలా కోర్సులకు అసైన్‌మెంట్లకు 30 శాతం, పరీక్షకు 70 శాతం బరువు. పరీక్షలో 40 మార్కులే వచ్చినా, అసైన్‌మెంట్లలో 80 ఉంటే 24, 28 కలిసి 52. అసైన్‌మెంట్లను చివరి రోజు ఎవరి దగ్గరో చూసి రాసేసి 50 తెచ్చుకుంటే 15, 28 కలిసి 43. పరీక్ష హాల్లో ఇద్దరూ ఒకేలా రాశారు. ఒకరికి ఎడ్‌సెట్ ఉంది, ఒకరికి లేదు. ఇంట్లో కూర్చుని, పుస్తకం పక్కన పెట్టుకుని రాయగలిగే ఆ 30 శాతాన్ని ఉద్యోగస్తులు వదులుకోవడం ఎందుకో నాకెప్పుడూ అర్థం కాదు.

దూరవిద్యలో, ఆన్‌లైన్‌లో అసలు చేయడానికి వీల్లేని చదువులు కొన్నున్నాయి. ఇంజినీరింగ్, మెడిసిన్, డెంటల్, నర్సింగ్, ఫార్మసీ, ఫిజియోథెరపీ, ఆర్కిటెక్చర్, లా, వ్యవసాయం, హోటల్ మేనేజ్‌మెంట్ వంటివి ఆ జాబితాలో ఉన్నాయి. 2025 జులై-ఆగస్టు ప్రవేశాల నుంచి సైకాలజీ, మైక్రోబయాలజీ, బయోటెక్నాలజీ, పోషకాహారం కూడా అందులో చేరాయి. మెడికల్ షాపులో పనిచేసే కుర్రాడికి దూరవిద్యలో బీఫార్మసీ ఇప్పిస్తామని ఎవరైనా అంటే అక్కడే లేచి వచ్చేయాలి. 2017 నవంబరులో సుప్రీంకోర్టు ఇలాంటి కేసులోనే తీర్పు చెప్పింది. అనుమతి లేకుండా కొన్ని డీమ్డ్ యూనివర్సిటీలు కరస్పాండెన్స్‌లో ఇచ్చిన ఇంజినీరింగ్ డిగ్రీల్లో 2001-05 మధ్య చేరినవాళ్లవి నిలిపివేసి మళ్లీ పరీక్ష పెట్టమంది, తర్వాత చేరినవాళ్లవి రద్దు చేసింది. అప్పటికే ఆ డిగ్రీలతో ఉద్యోగాల్లో, ప్రమోషన్లలో ఉన్నవాళ్లు ఎందరో. పాలిటెక్నిక్ డిప్లొమా ఉండి పనిలో ఉన్నవాళ్లు బీటెక్ కావాలనుకుంటే వేరే దారి ఉంది. 2023-24 నుంచి ఏఐసీటీఈ, అంటే సాంకేతిక విద్యను పర్యవేక్షించే కేంద్ర మండలి, ఉద్యోగస్తుల కోసం వేళలు మార్చి నడిపే బీటెక్‌ను కొన్ని కాలేజీలకు అనుమతిస్తోంది. కాలేజీకి వెళ్లి తీరాలి, కానీ సాయంత్రాలో సెలవు రోజులో వెళ్లవచ్చు.

‘దూరవిద్య డిగ్రీకి విలువ ఉంటుందా?’ ఈ అనుమానం పాతది, జవాబు మాత్రం ఇప్పుడు స్పష్టంగా ఉంది. గుర్తింపు ఉన్న యూనివర్సిటీ, అనుమతి ఉన్న కోర్సు అయితే దూరవిద్య, ఆన్‌లైన్ డిగ్రీలు రెగ్యులర్ డిగ్రీలతో సమానమని 2022 సెప్టెంబరులో యూజీసీ, అంటే విశ్వవిద్యాలయ నిధుల సంఘం, మరోసారి ప్రకటించింది. మెలిక ఆ రెండు షరతుల్లోనే ఉంది. యూనివర్సిటీకి గుర్తింపు ఉన్నంత మాత్రాన దాని ప్రతి దూరవిద్య కోర్సుకూ ఉండదు. యూజీసీ దూరవిద్య బ్యూరో వెబ్‌సైటులో యూనివర్సిటీ పేరు, కోర్సు పేరు, మీరు చేరే ఏడాది, సెషన్ నాలుగూ కలిసి కనిపించాలి. నిరుటి జాబితాలో ఉంటే చాలదు. 2024 నుంచి చేరే ప్రతి విద్యార్థీ ముందుగా డెబ్ ఐడీ అనే గుర్తింపు సంఖ్యను ఆ బ్యూరో పోర్టల్‌లో తనే తీసుకోవాలి. పది నిమిషాల పని. ‘అదంతా మేం చూసుకుంటాం, మీరు ఆధార్ జిరాక్సు ఇచ్చి వెళ్లండి’ అనే చోటు నుంచి వెంటనే బయటికి రండి.

వన్ సిట్టింగ్ డిగ్రీ గురించి ఎక్కువ రాయను. మూడేళ్ల చదువును ఒకే ఏడాదిలో, పాత తేదీలతో ఇస్తామనేదే ఆ మాటకు అర్థం. అది డిగ్రీ కాదు, పోలీసు కేసు. దూరవిద్య కోర్సులను ఫ్రాంచైజీగా నడపడానికి కూడా యూజీసీ ఒప్పుకోదు కాబట్టి, ఫీజును యూనివర్సిటీ ఖాతాకే కట్టి రసీదు ఆ పేరుతోనే తీసుకోవాలి.

సగంలో ఆపేసిన పాత డిగ్రీ ఉన్నవాళ్లు కొత్తదానిలో చేరేముందు కాస్త ఆగండి. ఎనిమిది బ్యాక్‌లాగ్‌లతో పదేళ్ల కింద వదిలేసిన డిగ్రీ ఉందనుకుందాం. 30 పేపర్లలో 22 అయిపోయాయి. కొత్తగా మొదలుపెడితే ఆ 22 పేపర్ల శ్రమ, 2,640 గంటలు, గాలికి పోయినట్టే. యూనివర్సిటీలు అప్పుడప్పుడు పాత బ్యాచుల వాళ్లకు ‘వన్ టైమ్ చాన్స్’ పేరుతో పరీక్షలు రాసుకునే అవకాశం ఇస్తుంటాయి. పాత హాల్‌టికెట్, మెమోలు పట్టుకుని యూనివర్సిటీ పరీక్షల విభాగంలో అడిగిరండి. ఇటీవల చదివి ఆపినవాళ్లకు ఇంకా మంచి దారి ఉంది. 2021లో మొదలైన అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్‌లో మీ క్రెడిట్లు జమై ఉంటే ఏడేళ్ల వరకు చెల్లుతాయి. చదివినదాన్ని బ్యాంకు పాసుపుస్తకంలో జమలా దాచి ఉంచే ఏర్పాటు అది. కొత్త విధానంలో 40 క్రెడిట్లకు సర్టిఫికెట్, 80కి డిప్లొమా ఇచ్చి పంపే పద్ధతి కూడా ఉంది కాబట్టి, మధ్యలో ఆపాల్సివస్తే ఆ మెట్టు మీద ఆగడం మేలు.

పదో తరగతితో చదువు ఆగినవాళ్లు నేరుగా డిగ్రీకి రాలేరు, 12 ఏళ్ల చదువు తప్పనిసరి. తెలంగాణలోనూ ఆంధ్రప్రదేశ్‌లోనూ ఓపెన్ స్కూల్ సొసైటీలు ఓపెన్ ఇంటర్ నడుపుతున్నాయి. జాతీయ స్థాయిలో ఎన్ఐఓఎస్ ఉంది. అందులో ఐదు సబ్జెక్టులు, ఐదేళ్లలో తొమ్మిది సార్లు పరీక్ష రాసే అవకాశం. ఈ దశను దాటవేసి డిగ్రీ ఇప్పిస్తామనేవాళ్లను నమ్మవద్దు. ఇంటర్ లేకుండా పొందిన డిగ్రీ లాకు వెళ్లేటప్పుడు బార్ కౌన్సిల్ దగ్గర ఆగిపోతుంది.

మీడియం విషయంలో నా అభిప్రాయం: ఇంటర్ తెలుగులో చదివినవాళ్లు డిగ్రీ కూడా తెలుగులోనే చదవండి. అంబేడ్కర్ వర్సిటీలో ఆ వీలుంది, ఇగ్నోలో ప్రధానంగా ఇంగ్లిషు, హిందీ. అర్థం కాని భాషలో 30 గంటల పాఠం 50 గంటలు తింటుంది. ఇంగ్లిషు రావాలంటే ఆ మిగిలిన 20 గంటలు ఇంగ్లిషుకే విడిగా పెట్టుకోవచ్చు.

ప్రభుత్వోద్యోగులు చేరేముందే శాఖ అనుమతి రాతపూర్వకంగా తీసుకుని సర్వీసు పుస్తకంలో నమోదు చేయించుకోవాలి. చేరాక అడిగితే ప్రమోషన్ వేళ అదే అభ్యంతరమవుతుంది. అమెరికాలో ఉద్యోగం మనసులో ఉన్నవాళ్లకు మూడేళ్ల డిగ్రీ అక్కడి నాలుగేళ్ల బ్యాచిలర్స్‌కు సరిపోకపోవచ్చు. హెచ్-1బీ కోసం తగ్గిన ప్రతి ఏడాది చదువుకు మూడేళ్ల అనుభవాన్ని చూపే పద్ధతి ఉంది. అంటే ఒక ఏడాది లోటుకు మూడేళ్లు ఇక్కడే పనిచేసి ఉండాలి, అదీ చదివిన రంగంలో, బాధ్యత పెరుగుతూ పోయే పనిలో.

దూరవిద్యలో సాధారణంగా ఏడాదికి రెండుసార్లు, జనవరి, జులై సెషన్లలో ప్రవేశాలుంటాయి. మీ ఆఫీసులో పని ఏ నెలల్లో ఎక్కువో చూసుకుని సెషన్ ఎంచుకోండి. ఇగ్నో పరీక్షలు జూన్, డిసెంబరుల్లో వస్తాయి. జూన్ అంటే స్కూళ్లు తెరిచే నెల, స్కూల్లో పనిచేసేవాళ్లకు ఊపిరాడదు. వాళ్లు జూన్‌కు రెండు మూడు పేపర్లే పెట్టుకుని, మిగతావి డిసెంబరుకు నెట్టుకోవచ్చు. దరఖాస్తు నింపేటప్పుడు పేరు, పుట్టినతేదీ పదో తరగతి మెమోలో ఉన్నట్టే అక్షరం తప్పకుండా రాయండి. ఆధార్‌లో ఇంటిపేరు ముందుండి, మెమోలో వెనకుంటే డెబ్ ఐడీ తీసుకునే ముందే ఆధార్‌ను సరిచేయించుకోండి.